చెవి పెట్టి కొన్న డిస్కు

నేను ఒక తిరిగే డబ్బాను. హార్డ్ డిస్కు అని నా అసలు పేరు. ఇటుక ముక్కంత ఉంటాను. కడుపులో రెండు అద్దపు పళ్లేలు నిమిషానికి ఏడువేల రెండువందల సార్లు తిరుగుతాయి. వాటి మీద, వెంట్రుకలో పదివేలో వంతు ఎత్తున, ఒక ముల్లు తేలుతూ రాస్తుంది, చదువుతుంది. తగలకూడదు. తగిలిందా, నా కథ అయిపోయినట్టే. ఇంత సర్కస్ చేసేవాణ్ణి పట్టుకుని మీరు 'స్లో' అంటారు. నిమిషానికి ఏడువేల సార్లు మీరు తిరగండి, చూస్తాను.

ఇరవై ఏళ్లపాటు మీ పెళ్లి వీడియోలు, మీ బాకీ చిట్టాలు, మీరు ఎవరికీ చూపించని ఫొటోలు మా జాతి కడుపులోనే దాచుకున్నారు. ఒక్కటి బయటపెట్టామా? ఇప్పుడు బబుల్ గమ్ రేకంత ఎస్ఎస్‌డీ వచ్చేసరికి మేం ముసలివాళ్లమైపోయాం. అదీ మీ సరుకు దాచే సామానే, నేనూ అదే సామానే. దానికి లోపల తిరిగేది ఏమీ లేదు, అందుకే దూకుడు. లోపల తిరిగేదేమీ లేనివాళ్లే ముందుకెళ్లే కాలం ఇది. నాకేం ఏడుపు లేదు, ఉన్నమాట చెప్పాను.

నేను పుట్టింది థాయిలాండులో, దుమ్ము రేణువు దూరినా సైరన్ మోగే గదిలో. కళ్లు తప్ప ఏమీ కనపడని ఆడవాళ్లు నన్ను బిగించారు. వాళ్లలో ఎవరి ముఖమూ నేను చూడలేదు. ఓడెక్కి చెన్నై, లారీ ఎక్కి హైదరాబాదు, అక్కడి నుంచి కరీంనగర్‌లో మునీర్ భాయ్ కంప్యూటర్ దుకాణం. అక్కడ అరమీద ఏడాదిన్నర కూర్చున్నాను. చాయ్ గ్లాసు పెట్టుకోవడానికి నా అట్టపెట్టె సరిగ్గా సరిపోయేది. గిరాకీ వచ్చినప్పుడల్లా మునీర్ చెయ్యి నా పక్కనుంచి పోయి ఎస్ఎస్‌డీ ప్యాకెట్టు తీసేది. ఎవరైనా నన్ను చూపిస్తే, "అది సీసీ కెమెరాలోళ్లకు భాయ్" అనేవాడు.

జూన్ నెలలో ఒక పొద్దున తండ్రీ కూతుళ్లు వచ్చారు. తండ్రి కట్టోజు ఉపేంద్రాచారి, జమ్మికుంటలో బోరు మోటార్లకు వైండింగ్ కట్టే మెకానిక్. ఆరో తరగతిలో బడి మాని స్క్రూడ్రైవరు పట్టినవాడు, యాభై దాటినా కింద పెట్టలేదు. ఆ రోజు కూడా చొక్కా జేబులోంచి మూరెడు స్క్రూడ్రైవరు తొంగి చూస్తోంది. కూతురు సింధూజ డిగ్రీ అయిపోయి రెండేళ్లయింది. చేతిలో మడతలు పడ్డ కాగితం, అందులో గేమింగ్ కంప్యూటరుకు కావలసిన సామాన్ల జాబితా.

పిల్ల ఆడటానికి కాదు, ఆటలు తయారు చేయడానికి వచ్చింది. రెండేళ్లుగా అర్జీలు పెడుతుంటే హైదరాబాదులోని ఒక గేమ్ కంపెనీ మొదటిసారి జవాబిచ్చింది: ఇరవై ఒక్క రోజుల్లో ఒక చిన్న ఆట కట్టి పంపు, నచ్చితే ఉద్యోగం. ఆట కట్టాలన్నా ఆట ఆడే మిషినే కావాలట.

మునీర్ ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు. గ్రాఫిక్స్ కార్డు చూసి చారి "దీనికి మూడు ఫ్యాన్లెందుకు, ఇదేమన్న పెండ్లి హాలా?" అన్నాడు. వేలితో ఒక్కో ఫ్యానునూ తిప్పి, ఎంతసేపు తిరుగుతుందో చూసి తల ఊపాడు. కరెంటు ఇచ్చే పవర్ సప్లై డబ్బాలు మూడు ఉంటే, పుచ్చకాయలు ఎంచినట్టు అరచేతిలో బరువు చూసి, అన్నిటికంటే బరువైనది పక్కన పెట్టాడు.

"గీ అల్కది వద్దు. లోపల రాగి లేదు."

"అన్నా, మీరు చూడకుండనే మంచిది పట్టేసిన్రు" అని మునీర్ నిజంగానే ఆశ్చర్యపోయాడు.

రంగురంగుల దీపాలు వెలిగే ర్యామ్ పక్కకు పోయి దీపాల్లేనిది వచ్చింది. అద్దం తలుపున్న క్యాబినెట్టు పోయి రేకుది వచ్చింది. ఇంతవరకూ సింధూజ ఊరుకుంది. అప్పుడొచ్చింది గొడవ, డిస్కు దగ్గర.

మునీర్ ఆ బబుల్ గమ్ రేకును తీసి చూపించాడు. "ఇది ఎస్ఎస్‌డీ అన్నా. స్విచ్ వేస్తే పది సెకండ్లల్ల కంప్యూటర్ రెడీ."

చారి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. "ఇది తిరుగదా?"

"తిరుగది. దీంట్లె తిరిగే పార్టే లేదు."

"సప్పుడు?"

"సప్పుడే ఉండది. గదే కదా దీని గొప్ప."

"మరి రోగమొస్తే ఎట్ల ఎర్కైతది?"

సింధూజ సిగ్గుతో తలకొట్టుకుంది. "బాపూ, ఇది బోరు మోటర్ గాదే! అందరు గిదే పెట్టుకుంటున్రు."

"అందరు పెట్టుకోని బిడ్డా. మూగదాన్ని నేను దుకాణంల పెట్టుకోను. అగో, ఆ చాయ్ గిలాస కింద ఉన్నదేంది?"

అలా నా గ్లాసు తీశారు.

నన్ను చూసి చారి అన్న మాట ఆ దుకాణంలో ఎవరూ అనలేదట. "చాలు చేసి చూపియ్." మోటారు కొనేవాడు దాన్ని తిప్పకుండా కొనడు కదా. మునీర్ నవ్వుకుంటూ నన్ను మధ్యలో, నా లాంటి మరో ఇద్దరిని అటూ ఇటూ పెట్టి కరెంటుకు తగిలించాడు. చారి జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. దాని కొన నా వీపు మీద ఆనించి, పిడి తన చెవిలో పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు.

ఏడాదిన్నర అరమీద ఉన్నవాణ్ణి. నన్ను సరిగ్గా చూసినవాడే లేడు. వీడు చూడలేదు, విన్నాడు. నాకు లోపల ఏమైందో చెప్పను. బేరింగు ఇంకొంచెం నిబ్బరంగా తిరిగిందని మాత్రం చెబుతాను.

"గీ నడిమిది. మంచిగ పాడుతాంది" అన్నాడు చారి.

"అన్నా, విండోస్ కోసం చిన్న ఎస్ఎస్‌డీ ఒకటన్న ఏసుకోన్రి" అని మునీర్ చివరిసారి బతిమాలాడు. "పోనీ, పాప చేసే పని ఇంకోచోట ఒక కాపీ పెట్టుకోవాలె. గిది మాత్రం మరువద్దు."

"పెడ్తా అంకుల్, పెడ్తా" అంది సింధూజ. మనుషులందరూ ఇదే మాట అంటారు, అని మరిచిపోతారు. మా ఫ్యాక్టరీలో తయారయ్యే డిస్కులన్నీ ఈ మాట మీదే బతుకుతున్నాయి.

జమ్మికుంటలో వాళ్ల ఇల్లూ దుకాణమూ ఒకటే. ముందు షట్టర్, వెనక రెండు గదులు. మధ్య గోడకు ఇవతల చారి ఇనుప బల్ల, అంటే బాగుచేసిన మోటార్లను బిగించి తిప్పి చూసేది. గోడకు అవతల సింధూజ టేబులు, దాని కింద నేను. ఇద్దరి కిందా ఒకటే గచ్చు.

నేను స్లోగానే ఉన్నాను, కాదనను. పిల్ల స్విచ్ వేసి, లోపలికి పోయి మంచినీళ్లు తాగి, తల్లి సుగుణమ్మతో ఒక మాట పోట్లాడి వచ్చేసరికి కంప్యూటరు లేచేది. మొదటి మూడు రోజులు నన్ను తిట్టింది. తర్వాత పనిలో పడి నన్ను మరిచిపోయింది. మా వృత్తిలో ఇంతకంటే మంచి రోజులుండవు.

ఆమె కట్టిన ఆట మొత్తం నా మీదే ఉంది కాబట్టి చెబుతాను. దీపాలన్నీ ఆరిపోయిన ఒక పాత పంపుహౌసు. అందులోకి ఒక అమ్మాయి దిగుతుంది. ఏమీ కనపడదు. చీకట్లో దూరంగా మోటార్లు తిరుగుతుంటాయి. ఏది మంచి మోటారో, ఏది చావబోతోందో చప్పుడు విని గుర్తుపట్టాలి. మంచి దానివైపు నడిస్తే దారి, తప్పితే నీళ్లలో పడతావు. చెవి ఉన్నవాడే గెలిచే ఆట. బొమ్మలు తక్కువ, చప్పుళ్లు ఎక్కువ. ఆ చప్పుళ్లను ఆమె ఫోన్లో పట్టి తెచ్చేది. ఫోన్లో జాగా లేదని నా మీద వేసి అక్కడ చెరిపేసేది.

పదహారో రోజున ఒక రైసుమిల్లు మోటారు వచ్చింది, పది హార్స్‌పవరుది. బేరింగు ఎంత పోయిందో చూద్దామని చారి దాన్ని బల్లకు బిగించి స్విచ్ వేశాడు. గచ్చు అదిరింది. గోడమీద క్యాలెండరు ఊగింది. నా లోపల ముల్లు ఒక్కసారి పళ్లేన్ని తాకింది.

ఒక్కసారే. నువ్వుగింజలో లక్షో వంతు పొడి రాలింది. అది లోపలే తిరుగుతూ, తిరిగినప్పుడల్లా ఇంకొంచెం గీకుతూ పోయింది. చెప్పుకోవడానికి నాకు నోరు లేదు. నాకున్నదల్లా చప్పుడే, అదే చేశాను. పక్కనే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న పిల్లకు వినబడలేదు.

పందొమ్మిదో రోజు మధ్యాహ్నం చారి కూతురికి చాయ్ పట్టుకుని వచ్చాడు. గ్లాసు టేబుల్ మీద పెట్టబోయి ఆగిపోయాడు.

"బిడ్డా, డబ్బాల సుతి మారింది."

"ఫ్యాన్ బాపు."

"ఫ్యాన్ గాదు." స్క్రూడ్రైవరు తీసి మోకాళ్ల మీద కూర్చున్నాడు. రేకు మూత తీసి, నా వీపు మీద కొన ఆనించాడు. ఈసారి కళ్లు మూయలేదు. "గిదే. లోపట గీస్తాంది."

సింధూజ ఇయర్‌ఫోన్లు పీకి, ఏదో సాఫ్ట్‌వేర్ తెరిచి చూపించింది. "సూడు, హెల్త్ గుడ్ అని ఉన్నది. మంచిగనే ఉన్నది."

"డాక్టరు మంచిగున్నడన్నంక పోయినోళ్లు లేరా మన గల్లీల?"

"బాపూ, ఎల్లుండి సాయంత్రం అయిదింటికి పంపాలె. ఇప్పుడు గిదంత ఆపి ఇంకోదాంట్లకు మార్చాల్నంటే రోజు పోతది. నాకున్నయే రెండు రోజులు."

"రోజు పోతె పోనీ. లేకుంటె అన్ని రోజులు పోతయ్."

అప్పుడు పిల్లకు కోపమొచ్చింది. పందొమ్మిది రోజుల నిద్రలేమి ఆ మాటలోకి వచ్చింది. "నువ్వే గదా ఆ రోజు దుకాణంల నా ఇజ్జత్ తీసి గీ డబ్బ కొనిచ్చింది! మంచిగ పాడుతాందంటివి. ఇయ్యాల నువ్వే పాడైందంటున్నవ్. పాడైంది నీ డబ్బ గాదు, నీ శెవులు."

సుగుణమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చారి లేవలేదు. స్క్రూడ్రైవరును వేళ్ల మధ్య తిప్పుతూ నేలవైపు చూశాడు.

"శెవులు పాడు గాలే బిడ్డా. మొన్న ఆ మిల్లు మోటర్ తిప్పినప్పుడు గచ్చు అదిరింది. అప్పుడే నా పానం గుంజింది, నీ డబ్బ ఎట్లున్నదో అని. మళ్ల ఏం గాదులే అనుకున్న." స్క్రూడ్రైవరు జేబులో పెట్టాడు. "దాన్ని పాడు చేసింది నేనే."

మనుషుల గురించి నాకు పెద్ద ఆశలు లేవు. తప్పు చేసి ఎదుటివాడి మీదకు తోసేవాళ్లనే చూశాను. మునీర్ దుకాణంలో ఎన్నిసార్లు విన్నానో, 'నేనేం చెయ్యలేదు భాయ్, దానంతట అదే పోయింది' అని. ఈ మనిషి నా మీదకు తోస్తే అడిగేదెవరు? తోయలేదు.

సింధూజ చేస్తున్న పని సేవ్ చేసి, కుర్చీ వెనక్కి జరిపింది.

చారి ఫోన్ తీసి అక్కడే మునీరుకు కలిపాడు. స్పీకర్ పెట్టాడు.

"మునీర్ భాయ్, ఆ తిరుగనిది ఒకటి కావాలె."

"ఏది అన్నా? ఆ మూగదా?" అవతల నవ్వు. "నేను ఆ రోజే చెప్పిన గదన్నా…"

"నువ్వు చెప్పినవ్. నేను ఇన్లే. పొద్దుగాల మొదటి బస్సుల డ్రైవర్‌కిచ్చి పంపు. పెద్దది పంపు. పిల్ల పని ఆగింది."

నవ్వు ఆగిపోయింది. "పంపుతా అన్నా. అప్పటిదాంక పాత దాన్ని బందు పెట్టి ఉంచున్రి. ఎంత తక్కువ తిప్పితే అంత మంచిది."

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు చారి బస్టాండు నుంచి చిన్న పొట్లం తెచ్చాడు. సింధూజ దాన్ని కంప్యూటరుకు బిగించి, నన్ను మళ్లీ లేపి, నా కడుపులో ఉన్నదంతా దానికి పంపడం మొదలుపెట్టింది. నా స్థానంలోకి వచ్చేవాడికి నా చేతులతోనే అన్నీ అప్పగించాలి. ఇలాంటిది ఎవరికైనా జరిగి ఉంటే వాళ్లకు తెలుస్తుంది, మిగతావాళ్లకు చెప్పినా అర్థం కాదు.

అయినా నేను పని ఎగ్గొట్టలేదు. పంపుహౌసు గోడలు ఇచ్చాను. మెట్లు ఇచ్చాను. నీళ్లు ఇచ్చాను. ఆ అమ్మాయి నడక ఇచ్చాను. గీసిన చోటు దగ్గరకు వచ్చినప్పుడల్లా ముల్లు తడబడి 'టిక్, టిక్' అనేది. చారి దుకాణం ఆ రోజు తెరవలేదు. స్టూలు వేసుకుని నా పక్కనే కూర్చున్నాడు. 'టిక్' అన్నప్పుడల్లా ఒక వేలు మడిచేవాడు.

సాయంత్రానికి ఒక్క ఫోల్డరు మిగిలింది. అక్కడ ఆగాను. ముల్లు తగిలింది సరిగ్గా ఆ ఫోల్డరు ఉన్న చోటే. ముందుకు పోయి చూశాను, వెనక్కి వచ్చి చూశాను. నా చేత కాలేదు. తెరమీద చదవలేకపోతున్నామని ఒక సందేశం వచ్చింది, అందులో ఫోల్డరు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది.

చారి ముందుకు వంగి, పెదాలు కదుపుతూ ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు.

"బాపు… గక్కడ నా పేరెందుకున్నది?"

సింధూజ ముఖం రెండు చేతులతో మూసుకుంది. "నీ సప్పుళ్లు బాపూ. అన్ని పోయినయ్."

"నా సప్పుళ్లా?"

"నీ మోటర్లయి. బేరింగు పోయినది, గ్రీజు ఎండినది, నీళ్లు లేక ఉత్తగ తిరిగేది. ఇరవై రోజుల సంది నువ్వు టెస్టింగు చేస్తుంటే ఫోన్ పెట్టి పట్టుకున్న. నువ్వు దగ్గేది గూడ ఉన్నది." ఏడుపు మధ్యలో ఆట మొత్తం చెప్పింది. చీకటి పంపుహౌసు, అందులో దిగిన అమ్మాయి, చెవులతో వెతుక్కునే దారి. "అవి లేకుంటె ఆటనే లేదు. రేపు అయిదింటికి ఏం పంపాలె నేను?"

చారి తెరమీది ఆ పేరు మీద వేలు పెట్టాడు. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో ఆయన చెవి గురించి ఎవరూ మంచిమాట అనలేదు. సుగుణమ్మ 'ఇంట్ల మాట ఇనపడది, మోటర్ మాట ఇనపడ్తది' అనేది. ఇప్పుడు కూతురు దాని మీద ఒక ఆటే కట్టిందని, ఆ ఆట పోయాక తెలిసింది.

"గివ్వేనా?" అన్నాడు. "నేను ఇంకేందో అనుకుంటి. సప్పుళ్లే గదా. సప్పుళ్లకు నా దగ్గర కరువా? పొద్దుగాల ఆరింటికి లే."

సింధూజ నన్ను కంప్యూటరులోంచి విప్పి చారి పనిబల్ల మీద ఒక మూలన పెట్టింది. అలా ఇరవై ఒకటో రోజు పొద్దున జరిగిందంతా బల్ల మీది నుంచి చూశాను.

కావలసినవి చెడ్డ మోటార్లు. కానీ దుకాణంలో బాగుచేయాల్సినవన్నీ చారి అప్పటికే బాగుచేసేశాడు. అందుకని తన సొంత మోటారును, ఎవరికీ అద్దెకు కూడా ఇవ్వని దాన్ని, మూలనుంచి ఈడ్చుకొచ్చాడు. బేరింగు విప్పి గ్రీజంతా గుడ్డతో తుడిచాడు. ఇసుక చిటికెడు తీసి, కూరలో ఉప్పు వేసినట్టు చల్లాడు. మంచిదాన్ని చెడగొట్టడం ఆయనకు అలవాటు లేదు. చెయ్యి రెండుసార్లు ఆగింది.

"బాపూ, నీ మోటర్ పోతది గదనే" అంది సింధూజ.

"పోతె మళ్ల చేస్త. నా పనే గది. ఫోన్ పట్టు. అట్ల మీద గాదు, గిక్కడ, షాఫ్టు కాడ."

మోటారు తిరిగింది. కర్ర్ మంది. చారి కళ్లు మూసుకుని వేలెత్తాడు. "ఇనపడ్డదా? గిది పదిహేను రోజులు బతుకుతది. ఇంకో చిటికెడేస్తే మూడు రోజులు. గా తేడా పెట్టు నీ ఆటల."

సింధూజ ఫోన్‌లో విని చూసుకుని నీరసపడింది. మోటారు వెనకాల 'ఉల్లిగడ్డ… ఉల్లిగడ్డ… వందకు నాలుగు కిలోలు' అని స్పష్టంగా వినబడుతోంది.

చారి షట్టరు కిందనుంచి వంగి రోడ్డు మీదకు వెళ్లాడు. ఎదురుగా ఉల్లిగడ్డల ట్రాలీ, నెత్తిన మైకు. నడిపే సమ్మయ్య ఆ గల్లీవాడే.

"సమ్మన్నా, జరసేపు నీ మైకు బందు పెట్టు."

"ఎందుకే? ఎవలన్న పోయిండ్రా?"

"ఎవలు పోలే. మోటర్ సప్పుడు ఇనాలె."

"ఏందీ?" సమ్మయ్య ట్రాలీ దిగాడు. "ఏండ్ల సంది నీ మోటర్ల సప్పుడుకు నా మైకు ఇనపడక గిరాకి పోతాంది. ఒక్కనాడన్న నిన్ను అడిగిన్నా? ఇయ్యాల నువ్వొచ్చి నన్ను ఊకోమంటవా?"

"అవు. తప్పే. ఇయ్యాల ఊకో. నా బిడ్డ పరీక్ష ఉన్నది."

"మోటర్ల పరీక్షనా?"

"అసొంటిదే."

ఎవరి దగ్గరా ఏదీ అడిగిన మనిషి కాదు చారి. అడగాల్సి వస్తుందనే సగం పెళ్లిళ్లకు కూడా పోడు. సమ్మయ్య ఆయన ముఖం చూసి, ఏమనుకున్నాడో, మైకు కట్టేశాడు. తర్వాత సమ్మయ్యే మంగలి దుకాణానికి పోయి టీవీ ఆపించాడు. చారి రోడ్డు మధ్యలో నిలబడి ఆటోలను పక్క గల్లీకి మళ్లించాడు. ఒక ఆటోవాడు "గేం దర్బారే!" అని తిట్టిపోయాడు. లోపల సుగుణమ్మ కుక్కరు కూత రాబోతుంటే పొయ్యి ఆపేసి, మూత మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది, చెయ్యి పెడితే కూత ఆగుతుందన్నట్టు.

ఆ గల్లీలో అంత నిశ్శబ్దం నేను విన్నది అప్పుడే. ఆ నిశ్శబ్దంలో చారి లోపలికొచ్చి స్విచ్ వేస్తే ఒక్క మోటారు తిరిగింది. గ్రీజు ఎండి ఒకసారి, ఇసుకతో ఒకసారి, నీళ్లు లేకుండా ఉత్తగా ఒకసారి. కరెంటిచ్చే మూడు తీగల్లో ఒకటి పీకేస్తే తిరగలేక మూలిగింది, అది ఒకసారి. ఆ మూలుగుకు సమ్మయ్య కూడా "అయ్యో, పాపం" అన్నాడు. అదీ రికార్డయింది. సింధూజ దాన్ని తీసేయలేదు.

పదకొండింటికి ఆమె కుర్చీలో కూర్చుంది. ఆ మూగవాడు, అంటే నా వారసుడు, చకచకా పని చేశాడు. నేనైతే ఆ సాయంత్రానికి అందించేవాణ్ణి కాదు. ఒప్పుకోవడానికి కష్టంగా ఉంది, కానీ నిజం. నాలుగూ నలభైకి ఆట హైదరాబాదు వెళ్లిపోయింది. సింధూజ టేబుల్ మీద తలపెట్టి అక్కడే నిద్రపోయింది.

రెండు రోజుల తర్వాత చారి నా మూత విప్పాడు. అది మరమ్మతు కాదు, పంచనామా. పళ్లేల మీద సన్నటి ఉంగరంలా గీత కనిపించింది. దాన్ని వేలి కొనతో ఒకసారి రాసి, మూత మళ్లీ పెట్టి, ఆరు స్క్రూలూ బిగించాడు. చచ్చినదానికి స్క్రూలెందుకు? అది ఆయన్నే అడగాలి. తర్వాత నన్ను అల్యూమినియం తుక్కు గోనెసంచిలో వేశాడు. నాకు బాధ కలగలేదు. చప్పుడు చేయనిదాన్ని ఆ మనిషి బల్ల మీద ఉంచుకోడు.

ఆట పంపిన తొమ్మిదో రోజున తుక్కు కొనేవాడు కాటా పట్టుకుని వచ్చాడు. సంచి మూతి విప్పుతుంటేనే సింధూజ ఫోను మోగింది. కంపెనీ మేడమ్. సింధూజ ఫోను పనిబల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కింది.

ఆట పూర్తిగా బాగుందని ఆమె అనలేదు. మెట్లు సరిగ్గా కుదరలేదట, నీళ్లు నీళ్లలా లేవట. సింధూజ ముఖం ఒక్కో మాటకూ చిన్నబోయింది. చివర్లో, "ఒకటో తారీఖున వచ్చి చేరండి. సౌండ్ టీమ్‌లో" అంది. "ఆ నాలుగు మోటార్ల సౌండ్స్ ఏ లైబ్రరీ నుంచి తీసుకున్నారు? మా దగ్గర అలాంటివి లేవు."

"లైబ్రరీ కాదు మేడమ్. మా బాపు."

"ఆయన ఉన్నారా? ఒకసారి ఇస్తారా?"

చారి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు, ఫోను ముట్టుకోవాల్సిన పని లేకపోయినా. "ఆఁ, చెప్పున్రి మేడం."

"సార్, ఆ రెండో చప్పుడు ఎలా చేశారు?"

ఆయన్ను సార్ అన్నవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. ఒక్క క్షణం కూతురి వైపు చూశాడు. స్టూలు ముందుకు లాక్కున్నాడు.

గుమ్మం దగ్గర తుక్కువాడు నన్ను తీసి కాటాలో వేశాడు. కాటా ముల్లు పెద్దగా కదల్లేదు. "దీనికేం రాదు సేటూ" అని కేకేశాడు. ఎవరూ పలకలేదు. ఒకసారి మళ్లీ పిలిచి, విసుక్కుని, మెట్టు మీద కూర్చుని బీడీ తీశాడు.

"ముందుగాల గ్రీజు మొత్తం తుడవాలె మేడం, గోరుతోని గీకినా ఏం రావద్దు. ఇసుక ఎక్కువ పొయ్యద్దు, అందరు గక్కడ్నే తప్పు చేస్తరు. చిటికెడు. చిటికెడంటే మల్ల వంటల ఏసే చిటికెడు గాదు… ఆగున్రి, మా బిడ్డను వీడియో పెట్టమంట. మీకు చూపిస్త."